పొదిగెడు పెట్ట

నేడు నేను ప్రసంగింపబూనిన విషయము మిక్కిలి చిన్నది. పెరటిలో గంపలో గుడ్లపై కూర్చుండు కోడిపెట్టను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. రాజుల చరిత్రలును కోటల చరిత్రలును వినుట కలవాటుపడిన మీకు, ఇదియు నొక చరిత్రయేనా యను సందేహము కలుగవచ్చును. కాని మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములలో పేదయిల్లాలి చేత నాలుగు డబ్బులాడుటకు తరతరములుగా ఈ పెట్ట యాధారమైనది. దాని కథ తెలియనిచో మన పల్లెల కథ సగమే తెలిసినట్లగును.

మన చరిత్రలో పుంజునకు పేరు కలదు. పండ్రెండవ శతాబ్దమునాటి పల్నాటి కథలో నాగమ్మకును బ్రహ్మనాయునికిని జరిగిన కోడిపందెము నెఱుగనివారు మీలో నుండరు. ఆ పందెమున నోడియే మాచెర్లవారు వలసపోవలసివచ్చెనని కథ. పుంజులకు కాకి, డేగ, నెమలి, సేతు, పర్ల యని రంగునుబట్టి పేళ్లు పెట్టితిమి. వాని గెలుపోటములు గుణించుటకు కుక్కుటశాస్త్రమును కల్పించుకొంటిమి. ఆ పుంజును పొదిగి, రెక్కలక్రింద దాచి, పెద్దదానిని చేసిన పెట్టకు మాత్రము శాస్త్రము లేదు. దాని విద్య ముసలమ్మల నోటనే నిలిచినది.

పెంపుడుకోడికి మూలపురుషుడు ఎఱ్ఱ అడవికోడి యని చార్లెస్ డార్విన్ 1868లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. అది ఎప్పుడు మనుష్యుని చెంత చేరెనను ప్రశ్నకు 2022లో వెలువడిన పరిశోధన యొక సమాధానము చెప్పినది. థాయిలాండు దేశమున, క్రీస్తుపూర్వము 1650కిని 1250కిని నడుమ, వరియు చిరుధాన్యములును పండించు పల్లెలలో పెంపుడుకోళ్ల యెముకలు దొరకినవి. గింజల కాశపడి అడవికోడి కళ్లములకు వచ్చియుండునని పండితుల యూహ. ఆ ఎఱ్ఱ అడవికోడి తూర్పు కనుమల వెంబడి మన కొండలలోను కలదు. గోదావరి ప్రాంతమున దాని సీమ ముగిసి, బూడిదవన్నె అడవికోడి సీమ మొదలగును. పెంపుడుకోళ్ల చర్మమునందలి పసుపువన్నె ఈ రెండవదాని నుండి సంక్రమించినదని 2008లో తేలినది.

అడవిపెట్ట కొలది గుడ్లు మాత్రమే పెట్టి, వెంటనే వానిపై కూర్చుండును. మన నాటుపెట్ట ఏటికి మూడు నాలుగు విడతలుగా గుడ్లు పెట్టును గాని, విడత ముగియగానే పొదుగవలెనను తల్లిగుణమును విడువలేదు. ఆ గుణమే మా యింటిని నిలిపినది.

మాది నాగావళి ప్రాంతమున నొక పల్లె. 1979లో విజయనగరము జిల్లా యేర్పడువఱకు అది శ్రీకాకుళము జిల్లాలోనిది. మా మామ్మ యెప్పుడును ఆఱేడు పెట్టలను పెంచెడిది. పెట్ట గూడు విడువక, ఈకలు నిక్కబొడుచుకొని, చేయి చాచినవారిని పొడువవచ్చినచో అది పొదుగుటకు సిద్ధమైనదని గుర్తించెడిది. గంపలో బూడిదయు వరిగడ్డియు పఱచి, పది పండ్రెండు గుడ్లు మాత్రము పెట్టెడిది. రెక్కలక్రింద నిముడనన్ని పెట్టినచో ఒకదాని తరువాత నొకటిగా అన్నియు చల్లబడిపోవునని చెప్పెడిది. ఏడవనాటి రాత్రి గుడ్డును దీపమున కెదురుగా నెత్తి చూచి, ఎఱ్ఱని దారములవంటి నరములు కానరానిదానిని తీసివేసెడిది. దినమున కొకమాఱు పెట్టను దింపి, నూకలును నీరును పెట్టి, గుడ్లు చల్లబడకముందే మరల నెక్కించెడిది.

ఇరువదియొకటవ దినమున పిల్లలు వెలువడును. కడపటి పిల్ల బయటికి వచ్చువఱకు పెట్టను కదలనిచ్చెడిది కాదు. పిల్ల కడుపులో పచ్చసొన కొంత మిగిలియుండును గావున, రెండు దినములు మేత లేకున్నను దానికి భయములేదు. పిమ్మట నూకలు, చోడిపిండి, చెదలు. పాతకుండలో పేడయు గడ్డియు కూరి పుట్టచెంత బోర్లించినచో చెదలు పట్టెడివి. గ్రద్దనీడ నేలపై కదలగానే పెట్ట యొక కూత కూయును. పిల్లలన్నియు దాని రెక్కలలో మాయమగును. ఎవరు నేర్పిరి వానికి? రెండు నెలలు గడచిన పిమ్మట పిల్లలను పొడిచి తఱిమి, పెట్ట మరల గుడ్లకు వచ్చెడిది. గ్రద్దకును ముంగిసకును పోయినవి పోగా, అమ్మవారి మ్రొక్కునకు తీసినవి తీయగా, మిగిలినవి సంతకు పోయెడివి. నా బడిపుస్తకములు ఆ సంతసొమ్ముతోనే కొన్నవి.

ఒక యేడు కొక్కెరతెగులు వచ్చినది. 1926లో జావాదీవియందును ఇంగ్లండునందలి న్యూకాజిల్ పట్టణమునందును గుర్తింపబడి, మన దేశమున రాణీఖేతు పేర ప్రసిద్ధమైన తెగులిదియే. మూడు దినములలో మా గూడు శూన్యమైనది. మామ్మ యెవరియొద్దను అప్పు చేయలేదు. పొరుగూరి నుండి యొక పెట్టను వాటాకు తెచ్చెను. పెట్ట సొంతదారుకు పిల్లలలో సగము, పెంచినవారికి సగము. గోదావరి మన్యమునందలి గిరిజన స్త్రీలలోను ఈ వాటా పద్ధతి కలదు. రెండేండ్లలో మా గూడు మరల నిండినది. పొదిగెడు పెట్ట యున్నందుననే వాటా సాధ్యమైనది.

తల్లి లేకయే గుడ్లు పొదిగించు నేర్పు క్రొత్తది కాదు. ఈజిప్టువారు పురాతనకాలముననే మట్టి పొయ్యిలలో వేలకొలది గుడ్లు పొదిగించిరి. ఫ్రెంచి పండితుడు రెయోమూర్ 1749లో ఈ విద్యపై గ్రంథము వ్రాసెను. పొదుగు కోరికను పుట్టించునది ప్రోలాక్టిన్ అను శరీరద్రవ్యమని 1935లో అమెరికాలో రిడిల్ అనునతడును అతని సహచరులును చూపిరి. పొదుగునంత కాలము పెట్ట గుడ్లు పెట్టదు గదా! వ్యాపారమునకు అది నష్టము. కావున పొదుగని పెట్టలనే యేఱి యేఱి సంతతిని పెంచిరి. ఇటలీ దేశపు లెగ్‌హార్న్ జాతి అట్టిది. నేటి పెట్ట ఏటికి మున్నూఱు గుడ్ల వఱకు పెట్టును. 1971లో తెలుగువాడైన బండా వాసుదేవరావుగారు వేంకటేశ్వర హేచరీస్ స్థాపించిన పిమ్మట మనదేశమున ఈ పరిశ్రమ విస్తరిల్లెను. పట్టణములలో పేదవాని కంచమునకు గుడ్డు చేరినది. ఇది చిన్న మేలు కాదు.

కాని యా మేలు చూచి నేనొక తప్పు చేసితిని. 1978లో నాటుపెట్టల నన్నింటిని సంతకు తోలి, పండ్రెండు తెల్లకోళ్లను తెచ్చితిని. ఏడాదిన్నర గుడ్లకు కొదువలేదు. తరువాత తగ్గినవి. ఒక్కటియు పొదుగలేదు. ఒక్కొక్కటిగా కోళ్లు పోగా, గూటిలో పిల్ల యనునది లేకపోయెను. మామ్మ నన్ను కోపపడలేదు. "గుడ్లు తిన్నాము బాబూ, కోడి పోనాది" అని మాత్రమనినది. ఆ వేసవిలోనే ఆమె కాలము చేసెను. మఱుసటి యేడు కొండదిగువ పల్లెలో నొక జాతాపు యిల్లాలియొద్ద పెట్టను వాటాకు తెచ్చుకొని, గంపలో నెన్ని గుడ్లు పెట్టవలెనో ఆమెనే యడిగి నేర్చుకొంటిని. ఇంటనున్నంతకాలము మామ్మను అడుగలేదు గదా!

పెద్దలారా, క్రొత్తజాతులను నేను నిందింపను. 1988లో హైదరాబాదున నేర్పడిన కోళ్ల పరిశోధనసంస్థవారు పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ జాతులను సిద్ధపఱచిరి. గుడ్ల కొఱకు అవి పెంచుడు. కాని బాగుగ పొదిగి పిల్లలను సాకెడు నాటుపెట్టను సంతధరకు అమ్మకుడు. పిల్లలకు మొదటి వారముననే కొక్కెరతెగులు టీకాచుక్కలు వేయించుడు. రెండు నెలల వయసున సూదిమందు వేయించుడు. అన్నిటికంటె ముఖ్యముగా, మీ యింట ముసలమ్మ యున్నచో నేటి సాయంత్రమే ఆమెచెంత కూర్చుండి, గుడ్లు పెట్టు విధమడిగి వ్రాసికొనుడు. ఆమె చెప్పుటకు సిద్ధముగనే యుండును.