మోకాలెత్తు

నెల్లూరు చేపల పులుసు గురించి మాట్లాడేవాళ్ళు మామిడికాయ ముక్క దగ్గరో చింతపండు పులుపు దగ్గరో మొదలుపెడతారు. అసలు పని అంతకు ముందే, నేల మీద, కత్తిపీట దగ్గర జరిగిపోయి ఉంటుంది. ఒక పాదం పీట మీద ఆనించి నొక్కిపట్టాలి. ఆ మోకాలు లేచి గుండెకు దగ్గరగా వస్తుంది, రెండోది మడత పడి నేలకు ఆనుతుంది. చేప జారకుండా చేతికి బూడిద రాసుకుని, నిలువుగా నిలబడ్డ కత్తికి ఎదురుగా రెండు చేతులతో చేపను తోయాలి. ఇక్కడ కత్తి కదలదు, కదిలేదంతా మనిషే. ఆ భంగిమలో మోకాలు 130 డిగ్రీలు దాటి వంగుతుంది. మోకీలు మార్పిడి చేయించుకున్నవాళ్ళలో ఎక్కువమందికి, వ్యాయామం బాగా చేస్తే, 110 నుంచి 120 డిగ్రీల దాకా వస్తుంది. మిగిలిపోయిన ఆ కొద్ది డిగ్రీలను ఆసుపత్రి వాళ్ళు ఒక చిన్న లోటుగా చెబుతారు. పెన్నా ఒడ్డు ఇళ్ళలో మాత్రం వంట, భోజనం, పూజ, కాలకృత్యం, కూలి పని చాలా భాగం ఆ కొద్ది డిగ్రీల్లోనే ఇమిడి ఉండేవి.

ఈ కృత్రిమ కీలు ఎక్కడ పుట్టిందో గుర్తు చేసుకుంటే విషయం తేటపడుతుంది. ఇప్పుడు ప్రపంచమంతటా వాడే మోకీళ్ళకు మూలరూపం 1974లో న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో, జాన్ ఇన్సాల్ బృందం చేతుల మీదుగా వచ్చింది. దానికి రెండేళ్ళ ముందు, 1972లో, అమెరికాలో కొందరు పరిశోధకులు రోజువారీ పనులకు మోకాలు ఎంత వంగాలో కొలిచారు. నడకకు సుమారు 67 డిగ్రీలు, మెట్లెక్కడానికి 83, కుర్చీలోంచి లేవడానికి 93 కావాలని తేలింది. తొలినాటి కీలు ఇంచుమించు 90 డిగ్రీలు వంగేది. కుర్చీలో బతికే మనిషికి అది ఇంచుమించు చాలు. తయారుచేసినవాళ్ళను తప్పుపట్టడానికేమీ లేదు, వాళ్ళ కళ్ళెదుట ఉన్న బతుకునే వాళ్ళు కొలిచారు. అయితే మద్రాసు ఆసుపత్రి నుంచి వాకర్ పట్టుకుని కోవూరుకో ఇందుకూరుపేటకో తిరిగొచ్చిన ఆడమనిషి ఒక కొత్త నిషేధాన్ని వెంట తెచ్చుకుంటుంది: ఇక నేల మీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు. మన అలవాటునే వదులుకోమంటున్నారని ఇంట్లోవాళ్ళు నొచ్చుకుంటారు. నేను వాదించేది వేరు. నేల ఎప్పుడూ అందరి ఆచారం కాదు. ఎత్తు మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉంది. అది ఎవరికి దక్కిందన్నదే మోకాలి చరిత్ర, ఆపరేషన్ తర్వాత కోలుకోవడం అనే పని కూడా ఆ చరిత్రలో భాగమే.

వెంకటగిరి గుంట మగ్గాన్ని చూడండి. 2022 ఏప్రిల్ దాకా ఆ ఊరు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. నేతగాడు నేల మీదే కూర్చున్నట్టు కనిపిస్తాడు. దగ్గరికి వెళ్తే అతని కాళ్ళు గుంటలోకి వేలాడుతూ ఉంటాయి, పాదాలు తొక్కుడు చెక్కల మీద ఉంటాయి, మోకాలు ఇంచుమించు 90 డిగ్రీలే వంగి ఉంటుంది. పగలంతా మఠం వేసుకుని కూర్చుంటే నెయ్యలేరని వాళ్ళకు తెలుసు, అందుకే కుర్చీని పైకి కట్టకుండా నేలలోకి తవ్వుకున్నారు. అంత సన్నని నూలు నేసే చేతులు ఆ కాళ్ళ సుఖం మీద ఆధారపడి ఉన్నాయి. ఇంటిముందు అరుగు కూడా అలాంటిదే. తొడ ఎత్తున కట్టిన ఆ గట్టు మీద కాళ్ళు వేలాడేసి కూర్చోవచ్చు, చేత్తో స్తంభం పట్టుకుని లేవచ్చు. మోకాలు మార్చుకున్న మనిషికి ఈనాటి వైద్యుడు ఎలాంటి ఆసనం చెబుతాడో అరుగు సరిగ్గా అలాంటిదే. ఉయ్యాలబల్ల, నులకమంచం, పడక్కుర్చీ అన్నీ ఉన్న ఇళ్ళే అవి. కానీ అరుగు మీద మగవాళ్ళు, పెద్దకులాలవాళ్ళు కూర్చున్నారు. పాలేరు ఎదుట నేల మీద కూర్చున్నాడు, లేదా నిలబడ్డాడు. రైతు కనబడితే కూలివాడు తన ఇంటిముందు మంచం మీంచి కూడా లేచి నిలబడాల్సిన ఊళ్ళు ఈ ప్రాంతంలో చాలానే ఉండేవి. అరుగున్న ఇంటి ఆడవాళ్ళు, అది సంపన్నుల ఇల్లయినా సరే, వంటింట్లో కట్టెల పొయ్యి ముందు, రుబ్బురోలు ముందు, తిరగలి ముందు నేల మీదే ఉన్నారు. ఎత్తు గౌరవానికి గుర్తయినప్పుడు అది దక్కనివాళ్ళ మోకాళ్ళే ముందు అరిగాయి. మోకీళ్ళ అరుగుదల ఆడవాళ్ళలో ఎక్కువని వైద్యులు ఎప్పుడూ చెప్పేదే. దానికి శరీరం వైపు కారణాలు కొన్ని ఉన్నాయి, ఇంటి వైపు కారణాన్ని మాత్రం మనం ఎక్కువగా మాట్లాడుకోలేదు.

వంటింటి ఎత్తు పెరిగింది కూడా ఆడవాళ్ళ మోకాళ్ళ మీద జాలితో కాదు. 1999లో దీపం పథకం కింద డ్వాక్రా సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు వచ్చాయి. గ్యాస్ పొయ్యి సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలన్నది భద్రతా నియమం. ఆ నియమం కోసం గట్టు కట్టారు, గట్టు కట్టాక ఆడది లేచి నిలబడి వండింది. రొయ్యల షెడ్లలోనూ జరిగింది ఇదే. 1997లో యూరప్ సంఘం మన సముద్ర ఉత్పత్తులను ఆపేశాక, ఎగుమతి చేసే రొయ్య నేలకు తగలకూడదన్న శుభ్రత పట్టింపు గట్టిపడింది. నేల మీద కూర్చుని ఒలిచే పని బల్లల మీదికి వచ్చింది. రొయ్య పైకి లేచింది కాబట్టి ఒలిచే మనిషీ లేచింది. పొలం మాత్రం ఎత్తు పెరగదు. వరినే పేరులో పెట్టుకున్నదంటారు నెల్లూరును. మొలగొలుకులు పండిన ఆ మళ్ళలో నారు పీకినా, నాటు వేసినా, కలుపు తీసినా వంగో గొంతుక్కూర్చునో చేయాల్సిందే.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం: మా నాయనమ్మ తొంభై ఏళ్ళు నేల మీదే కూర్చుంది, ఆమెకు నొప్పే లేదు, కుర్చీలు వచ్చాకే ఈ రోగాలు. ఇందులో నిజం లేకపోలేదు. రోజూ కాసేపు నేల మీద కూర్చుని లేచే మనిషికి తుంటి, చీలమండ వదులుగా ఉంటాయి. తొడ కండరం బలంగా ఉంటుంది. బరువు పెరగడం, నడక తగ్గడం మోకాలికి చేటన్నదీ కాదనలేం. అయితే కాసేపు కూర్చోవడం వేరు, పూటల తరబడి గొంతుక్కూర్చోవడం వేరు. బీజింగ్‌లో ముసలివాళ్ళను పరిశీలించిన అధ్యయనం 2004లో వెలువడింది. పాతికేళ్ళ వయసులో రోజుకు మూడు గంటలో అంతకంటే ఎక్కువో గొంతుక్కూర్చున్నవాళ్ళకు ముసలితనంలో మోకీలు అరిగే అవకాశం, రోజుకు అరగంట కూడా అలా కూర్చోనివాళ్ళతో పోలిస్తే, సుమారు రెట్టింపని అందులో తేలింది. నాయనమ్మలందరికీ నొప్పి లేదనడం కూడా సరికాదు. నొప్పి ఉన్నా వయసు మీద పడిందనుకుని మూలన కూర్చున్నవాళ్ళ సంఖ్యను ఎవరూ రాసిపెట్టలేదు. కొందరు నీటిని కారణంగా చెబుతారు, దాన్ని తోసిపుచ్చలేం. తాగే నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో 1937లో వైద్యులు గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. 1970లో ప్రకాశం జిల్లాకు వెళ్ళిపోయిన పొదిలి, కనిగిరి ప్రాంతాలూ అప్పటికి ఈ జిల్లావే. దుక్కిటెద్దులు కీళ్ళు పట్టేసి నడవలేకపోవడాన్ని రైతులే ముందు గమనించారని చెబుతారు. ఎద్దు కుంటితే గుర్తుపట్టిన ఊరు, పక్కనే నారు నాటుతున్న మనిషి కుంటడాన్ని వయసు ఖాతాలో వేసిందన్నది నన్ను కలవరపెట్టే సంగతి. కానీ ఆ నీటి బాధ ముఖ్యంగా మెట్టది. పెన్నా కాలవల కింద మాగాణిలో అరిగిన మోకాళ్ళకు ఆ ఒక్క కారణం సరిపోదు.

రెండో అభ్యంతరం కొత్తది. ఎక్కువ వంగే కీళ్ళు వచ్చాయి కదా, అవి వేయించుకుంటే నేల మీద కూర్చోవచ్చు కదా అంటారు. ఆసియా ఖండపు బతుకును దృష్టిలో పెట్టుకుని వాటిని ఎక్కువ ధరకు అమ్మారు. 2017 ఆగస్టులో కేంద్రం ధరలకు కళ్ళెం వేసినప్పుడు మామూలు కోబాల్ట్ క్రోమియం కీలు సగటు ధర 1,58,324 రూపాయల నుంచి 54,720కి దిగింది. ఎక్కువ వంగే కీలు 1,81,728 నుంచి 56,490కి వచ్చింది. రెండింటి ఖరీదుకూ అప్పటిదాకా ఉన్న తేడా చాలావరకు కరిగిపోయింది. అంతకంటే ముఖ్యమైన సంగతి, వంపు విషయంలో ఈ రెండు రకాల మధ్య చెప్పుకోదగ్గ తేడాను చాలా అధ్యయనాలు చూపలేకపోయాయి. ఆపరేషన్‌కు ముందు కాలు ఎంత వంగేదన్నదే తర్వాతి వంపును ఎక్కువగా నిర్ణయిస్తుంది. నేల మీది బతుకును లోహంతో కొనుక్కోలేం.

కాబట్టి కోలుకోవడం ఇంటికొచ్చాకే మొదలవుతుంది. తొలి ఆరు వారాలూ కీలకం. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి మోకాలు పూర్తిగా చాపాలి, తొడ కండరం బిగించి వదలాలి, రక్తం గడ్డకట్టకుండా పాదం పైకీ కిందికీ ఆడించాలి. నొప్పిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటే అప్పటికి హాయిగానే ఉంటుంది, కానీ కాలు వంకరగానే బిగిసిపోతుంది. ఇక్కడ మన ప్రేమే అడ్డొస్తుంది. కదలకుండా పడుకోమని, పథ్యం పెట్టి మంచానికి కట్టేసే ఆదరణ బాలింతకు మేలు చేస్తుందేమో గానీ ఈ కాలికి కాదు. మరోవైపు, నాలుగో వారం కల్లా చేప తోమడానికి ఆమే దిగాలన్న ఇళ్ళూ ఉన్నాయి. కత్తిపీటను గట్టు మీదికి ఎక్కించి నిలబడి కోయవచ్చు, లేదా కోసిన చేపే తెచ్చుకోవచ్చు. పీట మీద భోజనానికి బదులు బల్ల, దేవుడి ముందు ఒక ఎత్తు పీట, నీళ్ళ బిందె నడుం ఎత్తున దిమ్మ మీద. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు, అన్నీ మన అరుగుకు చుట్టాలే.

ఎక్కువ కష్టం మరుగుదొడ్డి దగ్గర. 2014 తర్వాత స్వచ్ఛభారత్ కింద ఊళ్ళలో కట్టిన దొడ్లలో చాలావాటిలో ఉన్నది గొంతుక్కూర్చునే బేసినే. చెంబు పట్టుకుని చీకట్లో పొలం గట్టుకు పోవాల్సిన అవస్థ తప్పింది, కానీ మోకాలు మార్చుకున్న మనిషి ఆ బేసిన్ మీద కూర్చోలేదు. నడుమ రంధ్రం ఉన్న కుర్చీని దాని మీద వేసుకోవడం ఇప్పుడు చాలా ఇళ్ళు కనిపెట్టుకున్న దారి. ఆ కుర్చీ కాళ్ళు జారకుండా రబ్బరు తొడుగులు ఉండాలి, తడి నేల మీద చెప్పుండాలి, గోడకు చేతికందే ఎత్తున ఒక ఇనుప కడ్డీ బిగించాలి. కడ్డీ బిగించడం మేస్త్రీకి అరపూట పని.