ఆసియాడ్ కాయిన్స్: మీ ఇంట్లో 1982 నాటి ఈ నాణేలు ఉన్నాయా? అమ్మే ముందు ఇవి తెలుసుకోండి!

పాత చిల్లర డబ్బాలో 1982 నాటి నాణెం కనిపించిందా? ఒకసారి తిప్పి చూడండి. జంతర్ మంతర్ బొమ్మ, దానిపై సూర్యుడి గుర్తు ఉంటే అది ఆసియాడ్ కాయినే.

1982 నవంబర్ 19 నుంచి డిసెంబర్ 4 వరకు ఢిల్లీలో 9వ ఆసియా క్రీడలు జరిగాయి. ఆ గుర్తుగా 10 పైసలు, 25 పైసలు, రూ.2, రూ.10, రూ.100 నాణేలు వచ్చాయి. రూ.100 నాణెంలో సగం వెండే.

కలెక్టర్లు ముందుగా చూసేది సంవత్సరం కింద ఉండే మింట్ గుర్తు. నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే ముంబై, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. చింతపండుతో తోమి మెరిపించొద్దు. గీతలు పడితే విలువ తగ్గిపోతుంది.

10, 25 పైసలు ఇప్పుడు షాపులో చెల్లవు. 25 పైసలు, అంతకంటే చిన్న నాణేల చెలామణి 2011 జూన్ 30తో ఆగిపోయింది. రూ.2 మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది.

‘ఈ కాయిన్‌కి లక్షలిస్తాం, ముందు ట్యాక్స్ కట్టండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే కట్ చేయండి. పాత నాణేల లావాదేవీలు తాము చేయమని, ఫీజులు, కమీషన్లు అడగమని ఆర్‌బీఐ 2021లోనే హెచ్చరించింది. కొనేవాడు డబ్బులివ్వాలి కానీ, అడగడు కదా!