సీటు లేని బండి: ట్రయల్స్ బైకుల్ని కంపెనీలు ఎందుకు ఆపేశాయి?

ఈ ఎపిసోడ్ ఐడియా నాకు ఎమ్మిగనూరులో ఒక మెకానిక్ షెడ్డులో వచ్చింది. నా బండికి చైన్ టైట్ చేయించుకుంటా కూర్చున్నా. పక్కన ఒక బుల్లెట్ నిలబెట్టి ఉంది. ఎర్ర ఫ్రేము, పైకి లేచిన సైలెన్సర్, ఒక్కరికే సీటు, వెనకాల క్యారియర్. షెడ్డులో పనిచేసే పిల్లోడు దాన్ని తుడుస్తా అడిగాడు: "అన్నా, దీని పేరు బుల్లెట్ ట్రయల్స్ అంట. ట్రయల్ చూసి నచ్చకపోతే వాపస్ ఇచ్చేదా?"

నవ్వొచ్చింది కానీ, వాడి తప్పేం లేదు. ట్రయల్స్ అంటే ఏందో మన దగ్గర ఎవరు చెప్పారు? పైగా ఆ బండి 2019 మార్చిలో వచ్చింది, 2020లో బీఎస్-6 రూల్ వచ్చేసరికి లేకుండా పోయింది. ఎందుకు వచ్చింది, ఎందుకు పోయింది? ఇదొక్క బండి కథ కాదు. ప్రపంచంలో పెద్ద పెద్ద కంపెనీలు చాలా ఈ రకం బండిని తయారుచేసి, మెల్లగా వదిలేసినవే.

ముందు ట్రయల్స్ అంటే ఏందో చూద్దాం. స్కూల్లో ఆగస్టు 15కి స్లో సైకిల్ రేస్ పెట్టేవాళ్ళు, గుర్తుందా? చివర వచ్చినోడు గెలుస్తాడు, కాలు కింద పెడితే ఔట్. దాదాపు అదే ఆట, కాకపోతే మోటార్ బండి మీద, గుండ్ల మీద, వాగుల్లో, బురదలో. స్పీడుతో పని లేదు. రాళ్ళ మధ్య చిన్న చిన్న దారులు గీస్తారు, వాటిని సెక్షన్లు అంటారు. ఒక సెక్షన్లో ఒకసారి కాలు కింద పెడితే 1 పాయింట్, రెండుసార్లు పెడితే 2, అంతకు మించితే 3, పడిపోయినా ఆగిపోయినా 5. ఎవరికి తక్కువ పాయింట్లు వస్తే వాళ్ళు విన్నర్.

ఇప్పుడు ఆదోని ఊహించుకోండి. రణమండల కొండ, కోట, చుట్టూ ఏనుగులంత గుండ్లు. ఆ గుండ్లు స్పెయిన్‌లో ఉండుంటే ప్రతి ఆదివారం అక్కడ పిల్లలు బండ్లేసుకొని ఎక్కుతా ఉండేవాళ్ళు. మనమేమో సెల్ఫీ దిగి వస్తాం. సరే.

మొదట్లో ట్రయల్స్‌కని వేరే బండి లేదు. ఇంగ్లాండులో రోడ్డు మీద తోలే బండినే కొంచెం మార్చి కొండెక్కించేవాళ్ళు. దాంట్లో కంపెనీకి లాభం ఉంది. అప్పటి పల్లె రోడ్లు ఎట్లుండేవో అందరికీ తెలుసు, కాబట్టి "మా బండి ఇంత ఘోరమైన దారిలో గెలిచింది" అంటే అదే అడ్వర్టైజ్‌మెంట్. ఆదివారం పోటీలో గెలిచిన బండి సోమవారం షోరూంలో అమ్ముడుపోయేది.

మన బుల్లెట్ కథ కూడా ఇక్కడిదే. 1948లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు కొత్త బుల్లెట్‌ను ముందు బయటపెట్టింది షోరూంలో కాదు, కోల్‌మోర్ కప్ అనే ట్రయల్స్ పోటీలో. దానికి వెనక చక్రం దగ్గర స్వింగ్ ఆర్మ్ సస్పెన్షన్ ఉంది. అప్పటి ట్రయల్స్ రైడర్లలో చాలామంది వెనక సస్పెన్షన్ ఉంటే గ్రిప్ పోతుందని నమ్మేవాళ్ళు. అదే ఏడాది ఇటలీలో శాన్‌రెమో దగ్గర జరిగిన ఆరు రోజుల అంతర్జాతీయ పోటీలో బుల్లెట్ తోలిన ఇద్దరికి గోల్డ్ మెడల్స్ వచ్చాయి. ఆ తర్వాత జానీ బ్రిటెన్ అనే రైడర్ ఎన్‌ఫీల్డ్ మీద స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ అనే పెద్ద పోటీని 1952లో ఒకసారి, 1957లో ఒకసారి గెలిచాడు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలై మన ఊర్లకు బుల్లెట్లు వచ్చాయి. అంటే పెళ్ళి ఊరేగింపులో డుగ్గుడుగ్గుమని పోయే బండికి అసలు పుట్టుక రాళ్ళలో, బురదలో.

ఇక్కడి దాకా ఒకే బండి రెండు పనులు చేసింది: పోటీకీ అదే, పాలకీ అదే. ఆ లంకె ఎక్కడ తెగిందో చెప్తా.

స్పెయిన్‌లో మాంటెసా అని ఒక కంపెనీ. దాన్ని పెట్టిన ఇద్దరిలో ఒకాయన ఫ్రాన్సిస్కో బుల్టో. 1958లో కంపెనీ "ఖర్చు ఎక్కువైతాంది, రేసింగ్ ఆపేద్దాం" అనింది. బుల్టోకి నచ్చలేదు, బయటికొచ్చేసి బుల్టాకో అని సొంత కంపెనీ పెట్టేశాడు. ఒక కంపెనీ ఆపేసింది కాబట్టే ఇంకో కంపెనీ పుట్టింది. ఈ బుల్టో 1964లో శామీ మిల్లర్‌ను పిలిపించాడు. మిల్లర్ అప్పటికే పెద్ద పేరున్న రైడర్, ఏరియల్ అనే 500 సీసీ ఇంగ్లీషు బండి మీద అందర్నీ ఓడిస్తా ఉన్నాడు. ఆయన స్పెయిన్‌కి పోయి చిన్న టూ-స్ట్రోక్ ఇంజన్‌తో ఒక బండి తయారు చేయించాడు. పేరు షెర్పా. బరువు సుమారు 92 కిలోలు. 1965లో దాని మీద స్కాటిష్ పోటీ గెలిచాడు. అంతే, బరువైన ఫోర్-స్ట్రోక్ ఇంగ్లీషు బండ్ల కాలం అయిపోయింది.

బాగుంది కదా, మంచి బండి వచ్చింది కదా అనుకుంటాం. కానీ ఇక్కడే మెలిక ఉంది.

బండి తేలికైతే రైడర్ ఇంకా కష్టమైన రాయి ఎక్కుతాడు. అందరూ ఎక్కేస్తే పోటీలో తేడా తెలియదు, కాబట్టి సెక్షన్ ఇంకా కష్టం చేస్తారు. ఆ సెక్షన్ కోసం బండిని ఇంకా తేలిక చేస్తారు. పెట్రోల్ ట్యాంకు చిన్నదైపోయింది. లైట్లు పోయాయి. నిలబడే తోలాల కాబట్టి సీటు తగ్గి తగ్గి చివరికి లేకుండానే పోయింది. ఇప్పటి ట్రయల్స్ బండి 70 కిలోల దగ్గర ఉంటుంది, కూర్చోవడానికి చోటుండదు. ప్రతి మార్పుతో బండి ఆ ఆటకు ఇంకా బాగా సరిపోయింది. ప్రతి మార్పుతో మామూలు కస్టమర్ కొంతమంది వెళ్ళిపోయారు. కొండెక్కే బండి కొనుక్కున్నోడు దాని మీద ఇంటికి రాలేడు, ఆటోలో వేసుకొని తెచ్చుకోవాల.

ఇంకో సంగతి. ఈ బండి తొందరగా పాడు కాదు. స్పీడు లేదు, ఇంజన్ మీద పెద్ద లోడు లేదు. పదేళ్ళ పాత బండితో ఆదివారం క్లబ్బులో హాయిగా ఆడుకోవచ్చు. ఆడేవాడికి అది వరం. అమ్మేవాడికి? కొత్త బండి ఎవరు కొంటారు?

1970లలో జపాన్ కంపెనీలు నాలుగూ దిగాయి: హోండా, యమహా, సుజుకి, కవాసాకి. అమెరికాలో ఈ ఆట పెద్ద ఫ్యాషన్ అవుతుందని ఆశ. ఛాంపియన్లను జీతానికి పెట్టుకున్నారు. యమహా మిక్ ఆండ్రూస్‌ను తీసుకుంది, హోండా ఏకంగా మిల్లర్‌నే తీసుకుంది. కానీ అమెరికా కుర్రాళ్ళకు కావాల్సింది గాల్లో ఎగిరే మోటోక్రాస్. కాలు పెట్టకుండా మెల్లగా పోయే ఆట టీవీలో పండదు కదా. సుజుకి, కవాసాకి కొన్నేళ్ళకే చేతులు దులుపుకున్నాయి. యమహా, హోండా ఇంకొంచెం లాగాయి.

ఇక బుల్టాకో. ఇది నాకు చాలా బాధనిపించే భాగం. 1975లో ట్రయల్స్‌కి వరల్డ్ ఛాంపియన్‌షిప్ మొదలైంది. 75, 76, 77, 78, 79, వరసగా ఐదేళ్ళూ టైటిల్ బుల్టాకోదే. ఐదో టైటిల్ గెలిచిన ఆ 1979లోనే బార్సిలోనా దగ్గర ఫ్యాక్టరీ గేట్లు మూతపడ్డాయి. ఫ్రాంకో చనిపోయిన తర్వాత దేశం మారింది, జీతాల కోసం సమ్మెలు, బయటి కంపెనీల పోటీ. మధ్యలో మళ్ళీ తెరిచారు కానీ 1983కి పూర్తిగా అయిపోయింది. కప్పు చేతిలో ఉంది, ఫ్యాక్టరీలో పని లేదు. గెలిస్తే బండ్లు అమ్ముడుపోతాయి అనే పాత లెక్క పనిచేయలేదు. ఎందుకంటే గెలిచిన బండీ జనం కొనే బండీ ఎప్పుడో వేరైపోయాయి.

ఆట మాత్రం చావలేదు, చిన్నోళ్ళ చేతికి పోయింది. 1985లో ఇద్దరు మాజీ బుల్టాకో డీలర్లు గ్యాస్ గ్యాస్ పెట్టారు. ఇటలీలో బీటా, ఫ్రాన్స్, స్పెయిన్‌లో ఇంకొన్ని. మాంటెసాను హోండా తీసుకుంది. దాని మీద టోనీ బౌ అనే ఆయన 2007 నుంచి 2024 దాకా ఒక్క ఏడూ వదలకుండా వరల్డ్ ఛాంపియన్. ఆయన పేరు మీలో ఎంతమంది విన్నారు? నేనూ ఈ ఎపిసోడ్ చేసేదాకా వినలేదు.

మళ్ళీ మన ఎర్ర ఫ్రేము బుల్లెట్ దగ్గరికి వద్దాం. 2019లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు జానీ బ్రిటెన్ గుర్తుగా బుల్లెట్ ట్రయల్స్ తెచ్చారు. 350 ధర షోరూంలో 1.62 లక్షలు, 500 ధర 2.07 లక్షలు. టైర్లు గరుకువి, సైలెన్సర్ పైకి. కానీ బరువు 180 కిలోల పైనే. అసలు ట్రయల్స్ బండ్లు రెండు కలిపి తూకం వేసినా ఇంత ఉండవు. నా ఉద్దేశంలో అది ట్రయల్స్ బండి కాదు, ట్రయల్స్ ఫోటో. కొండ దారులకు బండి కావాలనుకున్నోళ్ళకు అదే కంపెనీలో హిమాలయన్ ఉంది. ఇంట్లోవాళ్ళను ఎక్కించుకోవాలనుకున్నోళ్ళకు మామూలు బుల్లెట్ ఉంది. మధ్యలో దీన్ని కొనేదెవరు?

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. పొగ తగ్గించాలంటే ఇంజన్‌కు మార్పులు, టెస్టులు, అన్నిటికీ ఖర్చు. ఉదాహరణకు ఒక మోడల్‌కు ఆ ఖర్చు 10 కోట్లు అనుకోండి. లక్ష బండ్లు అమ్మితే బండికి వెయ్యి రూపాయలు పడుతుంది. వెయ్యి బండ్లే అమ్మితే బండికి లక్ష. ఇది నేను వేసిన ఉత్త లెక్క, కంపెనీది కాదు. కానీ ఏ మోడల్ బతుకుతుందో, ఏది పోతుందో చాలాసార్లు తేల్చేది ఈ భాగహారమే. 500 సీసీ ఇంజనే ఆగిపోయింది, ట్రయల్స్ 350 కూడా దాంతోపాటే పోయింది.

ఇదే భాగహారం ఇంకోవైపు నుంచి చూడాలంటే ఆదోని మార్కెట్ యార్డు బయట నిలబడండి. పత్తి సీజన్లో ఎన్ని టీవీఎస్ ఎక్సెల్ బండ్లు వస్తాయో లెక్కపెట్టండి. ముందర మూట, వెనక మూట, మధ్యలో మనిషి. 1980లో టీవీఎస్ 50గా మొదలైన బండి అది. టూ-స్ట్రోక్‌కు కాలం చెల్లుతుందని తెలిసి 2015లో ఫోర్-స్ట్రోక్ ఎక్సెల్ 100 తెచ్చారు, తర్వాత బీఎస్-6 కూడా దాటించారు. కొనేవాళ్ళు లక్షల్లో ఉన్నారు కాబట్టి ఖర్చు పెట్టారు.

నల్లరేగడిలో వాన పడిన రోజు బండి తోలినోళ్ళకు తెలుసు. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య బంకమన్ను కూరుకుపోతుంది, పుల్లతో గీకితేగానీ చక్రం తిరగదు. ట్రయల్స్ బండికి మడ్‌గార్డు అంత ఎత్తులో పెట్టేది అందుకే. అట్లాంటి దారిలో ఎక్సెల్ తోలే రైతు చేసేది చూడండి: స్పీడు లేదు, రెండు కాళ్ళూ రెడీగా, బరువు అటూ ఇటూ జరుపుకుంటా, పడకుండా గట్టెక్కాల. ఎక్సెల్ 100 బరువు 90 కిలోల లోపే. మిల్లర్ షెర్పా కూడా దాదాపు అంతే అని ఇందాక చెప్పినా కదా.

ఇదంతా ఆ షెడ్డులో పిల్లోడికి చెప్పినా, ఫోన్లో టోనీ బౌ వీడియో కూడా చూపించినా. రాతి గోడ మీదికి బండి ఎగరడం నోరు తెరిచి చూశాడు. రెండోసారి వేయమన్నాడు. చూసి, కాసేపు ఆలోచించి అడిగాడు: "బాగుండాదిలే అన్నా. సీటే లేకుంటే మాయమ్మను యాడ కూసోబెట్టాల?"