పావు మనింటికి ఎలా వచ్చిందంటే

ముంబయిలో స్థిరపడ్డ మన తెలుగిళ్ళలో పొద్దున్నే బేకరీ నుంచి పావు రావడం మామూలే. తెలుగులో పావంటే నాలుగో వంతు గానీ, ఈ పేరు రొట్టెకు పోర్చుగీసువాళ్ళు అనే ‘పావ్’ నుంచి వచ్చింది. గోవాలో కల్లుతో పిండి పులియబెట్టి కాల్చేవారు. గోవా రొట్టెలవాళ్ళే దాన్ని బొంబాయికి తెచ్చారు. ఇరానీ బేకరీలు వీధివీధికీ చేర్చాయి.

మనవాళ్ళు ఇక్కడికి పని కోసమే వచ్చారు. తెలంగాణ నుంచి కట్టడాల పనికొచ్చిన కామాఠీల పేరే కామాఠీపురాకు పడింది. 1854లో ఇక్కడ మొదటి నూలు మిల్లు కంపెనీ పెట్టారు. మిల్లులు పెరిగాక పద్మశాలీలూ వచ్చి చేరారు. చాల్‌లో ఒక్కటే గది, పైగా షిఫ్టు పని. జొన్నరొట్టె తట్టాలంటే పొయ్యి వెలగాలి, తీరికుండాలి. పావుకు ఆ రెండూ అక్కర్లేదు.

బయటి తిండి మరిగి మన రుచులు మరిచామని కొందరంటారు. నాకలా అనిపించదు. ఆ పావుతో మనం నంజుకున్నది రాత్రి మిగిలిన పప్పు, కోడికూర పులుసే కదా! 1982 జనవరి సమ్మె తర్వాత చాలా మిల్లులు మూతపడ్డాయి. మిల్లు పని పోయినా పావు అలవాటు పోలేదు.

ఆ షిఫ్టులు చేసిన పెద్దలు ఇప్పుడు కొద్దిమందే ఉన్నారు. డబ్బాలో ఏం కట్టుకెళ్ళేవారో వాళ్ళనడిగి రాసిపెట్టండి. అదీ మన చరిత్రే.