నారాయణగూడలో ఒక తెలుగు బడి

హైదరాబాద్‌లో చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ అనే ఈ మూడు పేటలనూ కొత్తవాళ్లకు చూపించడం తేలికే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బస్సు దిగి, సినిమా హాళ్లు దాటి నాలుగడుగులు వేస్తే చిక్కడపల్లి. అక్కడ వెంకటేశ్వరస్వామి గుడి, సాయంత్రమైతే పాటో సన్మానమో ఉండనే ఉండే త్యాగరాయ గానసభ, కుర్చీ దొరకడమే గగనమైన సిటీ సెంట్రల్ లైబ్రరీ. పక్కనే అశోక్‌నగర్: కోచింగ్ బోర్డులు, హాస్టళ్లు, నోటిఫికేషన్ ఎప్పుడన్న కబుర్లు. ఆ తర్వాత నారాయణగూడ చౌరస్తా. ఇంతవరకు ఆటో డ్రైవరైనా చెబుతాడు. ఈ చుట్టుపక్కల ఇంత చదువు ఎలా పోగుపడిందో తెలియాలంటే మాత్రం మాడపాటి హనుమంతరావు బాలికోన్నత పాఠశాల గేటు దగ్గర కాసేపు ఆగాలి.

ఈ బడి 1928 నాటిది. అప్పటి నిజాం రాజ్యంలో దాదాపు సగం మంది ఇళ్లలో తెలుగే. కచేరీల్లోనూ పై చదువుల్లోనూ మాత్రం ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియాలోనూ అంతే. 1921 నవంబరులో వివేకవర్ధిని థియేటర్‌లో సంఘసంస్కార మహాసభ జరిగింది. అధ్యక్షులు పూనా నుంచి వచ్చిన కార్వే పండితులు. ఆలంపల్లి వెంకటరామారావు అనే ఆయన లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి సాగనివ్వలేదు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తర్వాత ఈ బడిని స్థాపించిన మాడపాటివారే దానికి పెద్ద దిక్కు.

అయితే ఆయనది ఉర్దూ మీద పగ కాదు. ఉర్దూ, ఫారసీ బాగా వచ్చిన వకీలు. ప్రేమ్‌చంద్ కథల్ని తెలుగు చేసిన మనిషి. ఆడపిల్లకు ఇంట్లో మాట్లాడే భాషలో చదువు చెప్పాలన్నదే ఆయన పట్టుదల.

బడి పెట్టడం ఒక ఎత్తు, పరీక్ష ఒక ఎత్తు. తెలుగులో చదివిన పిల్లకు మెట్రిక్ పట్టా ఎవరిస్తారు? రాజ్యంలో దారి లేదు. చివరికి ఆ దారి దొరికింది పూనాలో. మాతృభాషలో బోధనే నియమంగా 1916లో కార్వే నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయానికి బడిని అనుబంధం చేశారు. తన ఎదుటే తెలుగు మాటకు అడ్డుపడిన సభకు అధ్యక్షత వహించిన పెద్దమనిషి, తన విశ్వవిద్యాలయం ద్వారా తెలుగు పిల్లలకు పట్టా దక్కేలా చేశారు! మన చరిత్రలో ఇంత చక్కని మలుపులు అరుదు.

తర్వాత ఈ చుట్టుపక్కలే కేశవ స్మారక విద్యాసంస్థలొచ్చాయి, 1954లో రాజా బహదూర్ వెంకటరామిరెడ్డి మహిళా కళాశాల వచ్చింది. మాడపాటివారు 1951లో నగర మేయరయ్యారు, ఆపైన శాసనమండలి అధ్యక్షులూ అయ్యారు. ఆ పదవులన్నిటికంటే ఈ బడే ఆయన పెద్ద పని అంటాను నేను.

2028కి బడికి నూరేళ్లు. చూడవచ్చేవాళ్లు పనిదినాన రండి, బడి జరుగుతుండగా.