లారీ టర్బో ఎందుకు కాలిపోతుంది? బ్యూకి పేటెంటు నుంచి మన యానాం బంకుల దాకా

మనలో లారీలున్న కుటుంబాలు తక్కువేం కాదు. టర్బో పోయినప్పుడల్లా ఆ ఇళ్ళల్లో ఒకటే పంచాయితీ. ఓనరు డ్రైవర్‌ని అంటాడు, డ్రైవర్ మెకానిక్‌ని అంటాడు, మెకానిక్ కంపెనీని అంటాడు. చివరికి నింద డ్రైవర్ నెత్తినే పడుతుంది, కొన్నిసార్లు జీతంలో కోత కూడా. అది న్యాయమేనా అన్నది తేలాలంటే టర్బో పుట్టిన రోజుల దాకా వెళ్ళాలి. పోస్టు కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

1905లో స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్‌ఫ్రెడ్ బ్యూకి ఒక పేటెంటు తీసుకున్నాడు. సైలెన్సర్‌లోంచి వృథాగా పోయే వేడి పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పాలి. అదే షాఫ్టుకి రెండో కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని ఇంజన్లోకి బలంగా నెట్టాలి. ఎక్కువ గాలి దూరితే ఎక్కువ డీజిల్ కాలుతుంది, అదే ఇంజన్ ఎక్కువ బరువు లాగుతుంది. ఆలోచన చక్కగా ఉంది. కానీ ఆ వేడికి తట్టుకుంటూ ఆ వేగంతో తిరిగే చక్రం చెయ్యడం అప్పట్లో మాటలు కాదు. 1920ల మధ్యకి గానీ అది పెద్ద ఎత్తున పనికి రాలేదు. జర్మనీలో ప్రొయిసెన్, హాన్జెష్టాట్ డాంజిగ్ అనే రెండు ప్రయాణికుల ఓడల్లో డీజిల్ ఇంజన్లకి బిగించారు. 1,750 హార్స్‌పవర్ ఇంజన్ 2,500 ఇచ్చింది.

ఈలోగా మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి ఇంజనీర్ ఒగుస్త్ రాతో విమాన ఇంజన్లకి టర్బో కట్టాడు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి విమానం నీరసపడేది, దానికి విరుగుడు. అప్పటికి మన యానాం కూడా ఫ్రెంచివారి కిందే ఉంది కదా, ఆ లెక్కన టర్బోలో మనకీ ఓ దూరపు చుట్టరికం ఉందని సరదాకి అనుకోవచ్చు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ ఇంకో టర్బోని 14 వేల అడుగుల పైక్స్ పీక్ కొండ మీదకి ఎక్కించి పరీక్షించాడు. సముద్రమట్టం దగ్గర ఇచ్చే 350 హార్స్‌పవర్‌ని ఇంజన్ ఆ ఎత్తులోనూ ఇచ్చింది. వేడికి నిలిచే నికెల్ కలిపిన గట్టి లోహాలు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జెట్ ఇంజన్ల పుణ్యమా అని బాగా పెరిగాయి. టర్బో లారీల్లోకి విరివిగా వచ్చింది ఆ తరవాతే.

ఇక్కడ ఒక రేసు కథ చెప్పకుండా ఉండలేను. 1952లో అమెరికా ఇండియానాపొలిస్ 500 మైళ్ళ పందెంలో కమిన్స్ వాళ్ళు టర్బో ఉన్న డీజిల్ కారు దింపారు. నడిపింది ఫ్రెడ్ అగబాషియన్. అర్హత పరుగులో మొదటి స్థానం దక్కించుకుని అక్కడి నుంచే బయల్దేరాడు. డీజిల్ బండి పెట్రోలు కార్లని కొట్టిందని జనం నోరెళ్ళబెట్టారు. కానీ 71 చుట్లకే బండి ఆగిపోయింది. మిగతా కార్ల టైర్ల నుంచి లేచిన రబ్బరు తుక్కు టర్బో గాలి పీల్చే నోటికి అడ్డం పడింది. లోపలికి గాలి తగ్గి, పోసే డీజిల్ తగ్గకపోతే పొగ నల్లబడుతుంది, వేడి చుక్కలంటుతుంది. ఇసుక లోడు తోలుతూ ఎయిర్ ఫిల్టర్ దులపకుండా నెలలు గడిపే ప్రతి బండిలోనూ ఆ రేసు కారు జబ్బే ఉంది.

ఇక మన దగ్గరికి వద్దాం. 1954లో యానాం భారతదేశంలో కలిసింది. అదే ఏడు టాటా వాళ్ళు జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి లారీలు తయారు చెయ్యడం మొదలుపెట్టారు. ఆ బెంజ్ లారీలు, ఆ తరవాతి 1210లు, లేలాండ్ కామెట్లు మన రోడ్లని దశాబ్దాల పాటు ఏలాయి. వాటికి టర్బో లేదు. ఆ ఇంజన్‌ని ఎప్పుడు ఆపినా పెద్ద బాధ లేదు. టీ కొట్టు కనిపించగానే ఇంజన్ ఆపేసినవాడు డీజిల్ మిగిల్చిన మంచి డ్రైవర్. గురువు క్లీనర్‌కి నేర్పిన మొదటి పాఠం అదే.

1993లో టాటా కమిన్స్ కంపెనీ మొదలైంది. 2000లో యూరో ప్రమాణాలు వచ్చాక టర్బో లేని కొత్త పెద్ద లారీ అరుదైపోయింది. బండి మారింది గానీ పాఠం మారలేదు. నా లెక్కలో అసలు తప్పు ఇక్కడే జరిగింది.

నిండు లోడుతో లాగే లారీలో టర్బోకి చేరే పొగ వేడి 600 డిగ్రీలు దాటుతుంది. షాఫ్టు నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతుంది. అంత వేగంలో దాన్ని కాపాడేది ఇంజన్ నుంచి వచ్చే పలచటి ఆయిల్ పొర ఒక్కటే. జారుడుకీ అదే, చల్లదనానికీ అదే. ఇంజన్ టక్కున ఆపితే ఆయిల్ రావడం ఆ క్షణమే ఆగుతుంది. షాఫ్టు ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ఎర్రగా కాలిన ఇనుములోని వేడి బేరింగు వైపు పాకుతుంది. అక్కడ మిగిలిన ఆయిల్ మాడి, పెనం అడుగున నూనె జిడ్డులా నల్లగా గట్టిపడుతుంది. ఆ మసి సన్నటి ఆయిల్ దారుల్ని పూడ్చేస్తుంది. ఒక్కసారికి ఏమీ కాదు. వందసార్లకి షాఫ్టుకి ఆట వస్తుంది, చక్రం గోడకి రాసుకుంటుంది, బండి ఈల వేస్తుంది, నీలం పొగ వదులుతుంది.

ఇప్పుడు మన బంకుల సంగతి చూడండి. పుదుచ్చేరి పన్నుల వల్ల డీజిల్ చౌక కాబట్టి చుట్టుపక్కల జిల్లాల బళ్ళు ఇక్కడికి వచ్చి ట్యాంకు నింపుకుంటాయి. 216 నంబరు హైవే మీద జోరుగా వచ్చిన లారీ నేరుగా బంకులోకి తిరుగుతుంది. అక్కడ ఇంజన్ ఆపి తీరాలి, అది భద్రతా నియమం, తప్పు పట్టలేం. అంటే బండి మహా వేడి మీదున్నప్పుడే ఆపుతున్నాం. చల్లార్చాల్సింది బంకులో కాదు, బంకుకి ముందు. యదుర్లంక వారధి దిగాక ఊళ్ళో మెల్లగా, యాక్సిలరేటర్ తొక్కకుండా వచ్చే ఆ కాస్త దూరమే సగం పని చేస్తుంది. లైన్లో ఉన్నప్పుడు రెండు మూడు నిమిషాలు స్లోలో ఉంచితే మిగతా సగం. దానికి కాలే డీజిల్ ఒక టీ ఖరీదు కూడా ఉండదు.

డ్రైవర్ చేతిలో లేనివీ ఉన్నాయి. పాత బళ్ళలో పికప్ కోసం పంపు స్క్రూ తిప్పించేది ఓనర్లే. డీజిల్ ఎక్కువ, గాలి అంతే. మారేడుమిల్లి ఘాట్‌లో ఓవర్‌లోడుతో ఎక్కుతుంటే ఆ అదనపు డీజిలంతా టర్బో మీద మంటే అవుతుంది. సర్వీసు వాయిదా వేసి ఆయిల్ మార్చకపోవడమూ ఓనరు లెక్కే. ఈ పాపాలకి డ్రైవర్ జీతం కోయడం నాకు ఒప్పుదల కాదు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్ళలో పంపు స్క్రూ ఆట కట్టింది. కానీ పొగ ఫిల్టర్‌లోని మసిని బండి తనంతట తానే సుమారు 600 డిగ్రీల వేడితో కాల్చుకునే పద్ధతి వచ్చింది. ఆ పని మధ్యలో ఉండగా ఇంజన్ ఆపితే మళ్ళీ అదే గొడవ. డ్యాష్‌బోర్డు మీద ఆ దీపం దేనికో డ్రైవర్‌కి తెలుగులో చెప్పినవాళ్ళు ఎంతమంది?

మీ ఇళ్ళల్లో బెంజ్ లారీలు, 1210లు తోలిన పెద్దవాళ్ళుంటే, ఇంజన్ ఆపడం గురించి వాళ్ళ గురువులు ఏం నేర్పారో అడిగి నాకు చెప్పండి. వాటిని ఒకచోట రాసిపెడుతున్నాను.