సభలో కూర్చున్నవాళ్లు ఏమన్నారు?
కొండ ఊళ్ల సువార్త సభలు కాగితం మీదికి, రికార్డులోకి ఎక్కిన కథ

1852 నాటికి ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట పూర్తయింది. ఆ తర్వాత దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ చూపు నది ఎగువకు మళ్లింది. మధ్య పరగణాల పత్తిని పడవల మీద సముద్రానికి దింపాలని ఆయన పథకం. దారిలో దుమ్ముగూడెం దగ్గర నది నిండా బండరాళ్లే. అక్కడ అడ్డుకట్ట, కాలువ, లాకులు కట్టే పని ఇంజనీరు హెయిగ్ చేతికి వచ్చింది. ఖర్చు పెరిగింది, చలిజ్వరాలు కూలీలను నిలవనివ్వలేదు. 1871లో ప్రభుత్వం పనికి స్వస్తి చెప్పింది. పత్తి పడవలు రాలేదు గాని, మిషను వచ్చింది. చుట్టుపక్కల కోయగూడేలు చూసిన హెయిగ్, వాళ్లకు సువార్త చెప్పేవారు కావాలని పట్టుబట్టాడు. ఆ పనిలో ముందు నిలిచింది ఆయన కింద పనిచేసి క్రైస్తవం పుచ్చుకున్న తెలుగువాడు వెంకటరామరాజు. తర్వాత చర్చి మిషనరీ సొసైటీ తరఫున జాన్ కెయిన్ వచ్చి, దుమ్ముగూడెంలోనే ఏళ్ల తరబడి ఉండిపోయాడు.

1799లో లండన్‌లో పుట్టిన ఈ సొసైటీకి రాతకోతల మీద పట్టింపు ఎక్కువ. మిషనరీ ఎక్కడున్నా ఏడాదికో ఉత్తరం రాసి తీరాలి. దానికి తోడు దినచర్య పుస్తకం, లెక్కల పట్టిక. వాటిలోంచి ఏరిన భాగాలు లండన్‌లో సొసైటీ పత్రికల్లో అచ్చయ్యేవి. వాటిని చదివిన ఇంగ్లండు సంఘాలు చందాలు పోగుచేసి పంపేవి. అంటే కోయగూడెంలో చింతచెట్టు కింద జరిగిన సభ వివరం, ఆ గూడెం పేరైనా పలకలేని పాఠకుడి కోసం తయారయ్యేది.

అలాంటి రాతకు ఒక మూస ఏర్పడింది. వానలు వెనకబట్టాక డేరా, మందుల పెట్టె, పుస్తకాల మూట సర్దుకుని బయల్దేరడం, ఊరు చేరి పెద్దను కలవడం, పాట ఎత్తుకుంటే పిల్లలు ముందు, ఆడవాళ్లు గోడచాటున చేరడం, ఉపదేశం, చివర ఎంతమంది విన్నారో ఒక అంకె. సంతరోజు సభైతే అంకె పెద్దది. మధ్యలో ఎవరైనా లేచి అడ్డుప్రశ్న వేస్తే అది తరచూ ఒక వాక్యంలో ముగిసిపోతుంది. ఉపదేశకుడి జవాబు మాత్రం పేరా నిండా సాగుతుంది. రాసేవాడు అబద్ధమాడుతున్నాడని కాదు. తన వంతు మాట తనకు బాగా గుర్తుంటుంది, పంపేది కూడా ఆ మాట వినాలనుకునేవారికే.

కొండ ఊళ్లలో ఇంకో చిక్కుంది. సంతల పుణ్యమా అని కోయలకు తెలుగు తెలుసు. బేరానికి, పన్నుకు, అప్పుకు అది చాలు. పాపక్షమాపణ చెప్పడానికి చాలదు. మన్యంలో 'తప్పు' అంటే చేసిన పనే కాదు, దానికి కులపెద్దలు వేసే దండుగ కూడా. తప్పు కట్టేస్తే వ్యవహారం తెగిపోయినట్టే. ఆ లోకంలో నిలబడి, కట్టడానికి వీల్లేని తప్పొకటి ఉందనీ దాన్ని మరొకరు కట్టారనీ చెప్పాలంటే ముందు వినేవాళ్ల మాట పట్టుబడాలి. సభ వివరాలు రాసే మనిషి భాష రాసే మనిషిగా మారింది ఈ అవసరం వల్లే.

కెయిన్ 1876 నుంచి 'ఇండియన్ యాంటిక్వెరీ'లో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి వ్యాసాలు రాశాడు. 1881లో కోయల మీద ఆయన వ్యాసం రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. బస్తరు పీఠభూమి నుంచి కరువుకూ తగవులకూ తాళలేక దిగివచ్చామని కోయలు చెప్పుకునే కథ, పులులను అదుపులో ఉంచే కొర్రరాజు అనే వేలుపు ఆ రాతల్లో ఉన్నాయి. కొర్రరాజును కొలిచేవాళ్లకు వేరే దేవుణ్ని చెప్పడానికే ఆయన వెళ్లాడు. అయినా కొర్రరాజు పేరు ఇవాళ మనకు అందడానికి ఒక కారణం ఆయన రాతే. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు తెచ్చినప్పుడు కోయల అధ్యాయానికి కెయిన్ రాతల మీద బాగా ఆధారపడ్డాడు.

కెయిన్ దుమ్ముగూడెంలో ఉన్న కాలంలోనే మన్యం రగిలింది. 1874లో భద్రాచలం, రేకపల్లి ప్రాంతం మధ్య పరగణాల నుంచి గోదావరి జిల్లాకు మారింది. దాంతో పోడు మీద పన్ను పెరిగింది, ఆంక్షలూ వచ్చాయి. 1879లో లేచిన రంప తిరుగుబాటు ఆ ఏడు జూలైకల్లా రేకపల్లికి పాకింది. గొడ్డలికీ అడవికీ మధ్య తగువు నడుస్తున్న ఊళ్లలో తెల్లదొర పాట ఎత్తుకుంటే వినేవాళ్లకు ఎలా ఉండి ఉంటుంది? శ్రోతల అంకె పక్కన ఈ సంగతి పెట్టుకోకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

ఉత్తరాన విశాఖ మన్యానికి మిషను జర్మనీ నుంచి వచ్చింది. బ్రెక్లుం అనే చిన్న ఊళ్లో 1876లో పాస్టరు క్రిస్టియన్ యెన్సన్ స్థాపించిన లూథరన్ మిషను 1882లో తొలి మిషనరీలను జయపురం సంస్థానం వైపు పంపింది. కోరాపుట్, సాలూరు, పార్వతీపురం వాళ్ల కేంద్రాలయ్యాయి. ఆ మిషనుకు చెందిన ఎఫ్.వి.పి. షుల్జె 1911లో అక్కడి కొండల్లో మాట్లాడే కువి భాషకు వ్యాకరణం, 1913లో పదకోశం మద్రాసులో అచ్చువేయించాడు. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మన్ మిషనరీలకు ఇక్కడ చోటు లేకుండా పోయింది. వ్యాకరణం మాత్రం ద్రావిడ భాషల పండితుల బల్లల మీద నిలిచింది.

మత ప్రచారం ఊసు లేకుండానే ఇదే పని చేసిన తెలుగువాడు మనకున్నాడు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవరలతో మాట కలిపి, సవర నేర్చి, వాళ్ల పిల్లల కోసం తెలుగు లిపిలో వాచకాలు రాశాడు. ఆయన సవర భాషా గ్రంథం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. తెలుగులో వాడుక భాష కోసం పోరాడిన మనిషికి, నోటి మాటకు రాతలో చోటివ్వడం కొండ మీదైనా పల్లంలోనైనా ఒకే పని. ఆ రోజుల్లోనే, 1936లో, మంగెయ్ గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొంత లిపినే తయారుచేశాడు. తమ మాట రాయడానికి పాస్టరూ పంతులూ అక్కర్లేదన్నమాట.

ఈలోగా రికార్డు అనే మాటకు అర్థం మారిపోయింది. గ్రియర్సన్ భారత భాషా సర్వే కోసం ప్రతి భాషలోనూ ఒకే కథ చెప్పించాడు. ఆ కథ లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానం. మిషనరీల అనువాదాలు చాలా భాషల్లో అప్పటికే సిద్ధంగా ఉండటం వల్ల అందుకు వీలైంది. భారతీయుల మనసు నొచ్చుకోకుండా అక్కడక్కడా మాటలు మార్చాడు కూడా. తర్వాత ఆ కథ గ్రామఫోను పళ్లేల మీదికీ ఎక్కింది. సువార్త సభలో నమ్మమని చెప్పిన కథ, సర్వేలో క్రియారూపాలు పోల్చి చూసే నమూనా అయింది.

ధ్వనిని పూర్తిగా ప్రచారానికి కట్టింది జాయ్ రిడర్‌హాఫ్. హోండురాస్‌లో మిషనరీగా ఉండి జబ్బుపడి అమెరికా తిరిగొచ్చిన ఈమె, 1939లో లాస్ ఏంజెలెస్‌లో గాస్పెల్ రికార్డింగ్స్ సంస్థ మొదలుపెట్టింది. పద్ధతి తేలిక. రెండు భాషలు తెలిసినవాణ్ని కూర్చోబెట్టి, ఒక్కో వాక్యం చెప్పి, అతని నోట అతని భాషలో పలికించి, ముక్కలన్నీ అతికించడం. కరెంటు లేని ఊళ్ల కోసం అట్టతో మడత గ్రామఫోను చేశారు. అట్ట విప్పి, పళ్లెం అమర్చి, దాని మీది చిన్న గుంటలో పెన్సిలు మొన పెట్టి చేత్తో తిప్పాలి. తిప్పే చెయ్యి తొందరపడితే ఉపదేశకుడి గొంతు పిల్లగొంతవుతుంది, నిదానిస్తే ముసలి గొంతవుతుంది. సభకు మిషనరీ వెళ్లక్కర్లేదు, వివరం రాసేవాడూ అక్కర్లేదు. మాట్లాడేది కొండవాడి గొంతే. కాని ఆ గొంతు చెప్పేది అందించిన వాక్యమే. అడ్డుప్రశ్నకు ఉత్తరంలో ఒక వాక్యమైనా దక్కేది. పళ్లెంలో అదీ లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక పాత రాతలకు కొత్త పాఠకులు తయారయ్యారు. మతమార్పిళ్లపై విచారణకు మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1954లో వేసిన నియోగి కమిటీ, 1956 నివేదికలో మిషను ప్రచురణలనే సాక్ష్యంగా తిరగేసింది. చందాదారుల ఉత్సాహం కోసం రాసిన వాక్యాలు అభియోగపత్రంలో చేరాయి. 1967లో ఒరిస్సా మతస్వేచ్ఛ చట్టం తెచ్చింది. గెలుపును పెంచి చెప్పే అలవాటు, ఓటమిని దాచే అలవాటు ఎవరికి పనికొస్తాయో రాసినవాళ్లు ఊహించి ఉండరు.

ఇంకో రకం రికార్డూ ఉంది. 1970లలో సవర కొండలకు వెళ్లిన మానవశాస్త్రవేత్త పియర్స్ వైటెబ్‌స్కీ, పూనకంలో ఉన్న పూజారిణి నోట చచ్చిపోయినవాళ్లతో బతికున్నవాళ్లు వాదించుకోవడం, ఏడవడం, రాజీపడటం టేపుల్లోకి ఎక్కించాడు. తర్వాతి తరం పిల్లలు చాలామంది బాప్టిస్టులయ్యారు. చచ్చినవాళ్లతో మాటలు ఆగిపోయాయి. 2017లో ఆయన రాసిన పుస్తకం ఆ మార్పు గురించే. ఎవరో వాళ్లను మోసగించారని ఆయన తేల్చడు, పోయినదాన్ని చిన్నబుచ్చడు.

దుమ్ముగూడెం ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది, సొసైటీ పాత ఉత్తరాలు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వాటిని తెరిచే తెలుగు పరిశోధకులకు, ముఖ్యంగా కోయ పరిశోధకులకు, ఒక పద్ధతి అక్కరకొస్తుంది. ఏడాది ఉత్తరం పక్కన అదే కాలంలో కెయిన్ కోయల మీద రాసిన వ్యాసం పెట్టుకుని చదవాలి. ఉత్తరంలో కోయవాడు అంకె. వ్యాసంలో అతనికి ఊరు, వేలుపు, కరువు, తగవు అన్నీ ఉన్నాయి. రెండూ రాసింది ఒకే చెయ్యి. ఉపదేశానికి అడ్డు తగిలి ఒక్క వాక్యంలో అణిగిపోయిన ఆ మనిషి ఏమని ఉంటాడో తెలుసుకోవడానికి, రెండో కాగితం దాకా వెళ్లక తప్పదు.